కొత్త చీపురు పొట్టు రాలుస్తోంది, పిడి ఊడుతోంది: బాగుచేసుకోవడం ఎలా?

ప్రశ్న: మాది విజయనగరం. నెల కిందట ఆన్‌లైన్‌లో రెండు చీపుళ్ల జత 349 రూపాయలకు తెప్పించుకున్నాను. 'పొట్టు రాలదు' అని పెద్ద అక్షరాలతో రాశారు. తీరా చూస్తే ఊడ్చిన చోటల్లా సన్నటి పొట్టు. ఊడ్చిందే మళ్లీ ఊడవాల్సి వస్తోంది. మా హాలు గ్రానైటు, గదులు టైల్సు. అత్తగారికి ఉబ్బసం ఉంది, నేను చీపురు పట్టగానే ఆవిడకు దగ్గు మొదలవుతోంది. ఒక చీపురుకైతే ప్లాస్టిక్ పిడి గిర్రున తిరుగుతోంది, పుల్లలు గుప్పెడేసి ఊడి వస్తున్నాయి. అమ్మినవాళ్లను అడిగితే 'అది గడ్డి, రాలడం సహజం, వాపసు గడువు అయిపోయింది' అన్నారు. వీటిని బాగుచేసుకోవచ్చా, పారేయాలా? మళ్లీ కొనేటప్పుడు ఏం చూడాలి? ప్లాస్టిక్ చీపురుకు మారిపోమంటారా?

జవాబు: మీ చీపుళ్లకు ఉన్నవి రెండు వేరు వేరు జబ్బులమ్మా. పొట్టు రాలడం గడ్డిని కోసిన వేళను బట్టి వచ్చింది. పిడి తిరగడం కట్టినవాళ్ల పనితనం వల్ల వచ్చింది. మొదటిదాన్ని ఒక పూటలో చాలావరకు తగ్గించవచ్చు. రెండోదాన్ని విప్పి మళ్లీ కట్టుకోవాలి, మొదటిసారి కాబట్టి గంటన్నర పడుతుంది. ఇప్పుడే పారేయకండి. ఇక 'గడ్డి కాబట్టి రాలడం సహజం' అన్న మాట సగమే నిజం. కొత్తలో నాలుగైదు రోజులు కొద్దిగా రాలడం సహజమే. నెల దాటినా ఊడ్చిన చోటల్లా రాలుతుంటే అది సరుకులో లోపం, మీరు వాడటంలో లోపం కాదు.

చీపుళ్ల మీద చెయ్యి వేయకముందే ఒక పని చేయండి. నేల మీద తెల్ల పంచె గానీ పాత దుప్పటి గానీ పరిచి, చీపురును దాని మీద పదిసార్లు తట్టండి. ఎంత పొట్టు రాలిందో, పిడి ఎలా తిరుగుతోందో ఫోన్‌లో వీడియో తీయండి. ప్యాకెట్టు మీద ఉండే తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, గరిష్ఠ ధర, 'పొట్టు రాలదు' అన్న ప్రకటన, అన్నీ ఫొటో తీసి పెట్టుకోండి. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, వస్తువు లోపంతో ఉన్నా, ప్రకటనలో చెప్పిన గుణం దానిలో లేకపోయినా అమ్మకందారు వెనక్కి తీసుకోననడానికి, డబ్బు ఇవ్వననడానికి వీల్లేదు. 'పొట్టు రాలదు' అని రాసి రాలే చీపురు పంపడం సరిగ్గా ఆ కోవలోకే వస్తుంది. ముందు ఆ వెబ్‌సైటు ఫిర్యాదుల అధికారికి వీడియోతో సహా రాయండి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే చెప్పుకోవచ్చు. పిడి విప్పేశాక ఫిర్యాదు చేస్తే 'మీరే పాడుచేశారు' అంటారు, అందుకే ఈ పని ముందు.

ఇప్పుడు ఆ దుప్పటి మీద రాలినదాన్ని వంగి దగ్గరగా చూడండి. అందులో మూడు రకాలు ఉండవచ్చు. తవుడులా పల్చగా, తేలికగా, ఊదితే ఎగిరిపోయేది పొట్టు. అర అంగుళం, పావు అంగుళం వెంట్రుక ముక్కల్లా ఉన్నవి ఎండి విరిగిన కొసలు. నల్లటి నుసి రాలి, ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిన వాసన వస్తే అది బూజు. మూడోది గనక కనిపిస్తే ఇంకేమీ ఆలోచించకుండా ఆ చీపురును సంచిలో మూటకట్టి పారేయండి. ఉబ్బసం ఉన్న మనిషి ఉన్న ఇంట్లో బూజుపట్టిన చీపురును బాగుచేసే ప్రయత్నమే వద్దు. మొదటి రెండూ అయితే దారి ఉంది.

అసలు పొట్టు ఎందుకు రాలుతుందో తెలిస్తే మళ్లీ మోసపోరు. మీరు కొన్నది కొండచీపురు. ఈనెల చీపురులా ఇది కొబ్బరి ఈనె కాదు, ఈత చీపురులా ఆకూ కాదు. మనిషి కంటే ఎత్తు పెరిగే ఒక గడ్డి వేసే కంకి. మీకు దగ్గర్లోనే సీతంపేట కొండల్లో, అటు పాడేరు, అరకు ఏజెన్సీలో ఇది దొరుకుతుంది. దేశంలో ఎక్కువ సరుకు మాత్రం మేఘాలయ, అస్సాం వైపు నుంచి వస్తుంది. చలికాలంలో కంకి వేస్తుంది, జనవరి నుంచి మార్చి దాకా కోత. ఒక్కో కంకి నిండా లెక్కలేనన్ని సన్నటి గింజపొరలు ఉంటాయి. కంకి లేత ఆకుపచ్చ నుంచి ఎరుపు ఛాయకు తిరుగుతున్నప్పుడు కోస్తే ఆ పొరలు రెమ్మను గట్టిగా పట్టుకుని ఉంటాయి. అదే కంకి ముదిరి, పాలిపోయి, విచ్చుకున్నాక కోస్తే గడ్డి తన సహజ గుణం కొద్దీ వాటిని విడిచిపెడుతుంది, విత్తనం రాల్చుకోవడమే దాని పని కదా. చిక్కేమిటంటే ముదిరిన కంకి ఉబ్బుగా, నిండుగా కనిపిస్తుంది. ఫొటోలో చూసి కొనేవాళ్లకు అదే మంచి చీపురులా అనిపిస్తుంది.

పొట్టు దులిపే పని డాబా మీదో వీధి గుమ్మం బయటో పెట్టుకోండి. ఆ సమయంలో అత్తగారు లోపల తలుపు వేసుకుని ఉండాలి. మీరు ముక్కుకు, నోటికి తడిగుడ్డ గానీ మాస్కు గానీ కట్టుకుని, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడండి. చాలామంది చీపురు కొసలను నేలకేసి బాదుతారు. అలా చేస్తే పొట్టుతో పాటు కొసలూ విరిగి, ఇంకో నెల రోజులు వెంట్రుక ముక్కలు రాలుతూనే ఉంటాయి. కుచ్చు మొదలయ్యే మెడ దగ్గర పట్టుకుని, కుచ్చు పక్క భాగాన్ని పిట్టగోడకో చెట్టు మొద్దుకో అడ్డంగా తట్టండి. పది పన్నెండు దెబ్బలకు ఒకసారి చీపురును పావు వంతు తిప్పండి. మొత్తం మీద యాభై దెబ్బలు చాలు. తర్వాత వెడల్పు పళ్ల పాత దువ్వెన తీసుకుని, చిక్కు పడ్డ జుట్టు దువ్వినట్టే కొసల నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి రండి. నేరుగా మెడ దగ్గర నుంచి కిందికి లాగితే రెమ్మలు పుల్లల నుంచి ఊడిపోతాయి. దువ్వెనకు వచ్చే పొట్టు చూస్తే, ఇదంతా ఇన్నాళ్లూ ఇంట్లోకే వెళ్లిందా అనిపిస్తుంది.

ఆ తర్వాత తడపాలి. సగం బకెట్ మామూలు నీళ్లలో కుచ్చును మాత్రమే ముంచి, ఐదు నిమిషాలు పైకీ కిందికీ ఆడించండి. మెడ కింద మూడు అంగుళాలు తడవకూడదు. ఎందుకంటే పుల్లలు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, ఆరినప్పుడు మళ్లీ సన్నబడతాయి, దాంతో బిగువుగా ఉన్న కట్టు కూడా వదులవుతుంది. లోపల ఇనుప తీగ ఉంటే తుప్పు పడుతుంది. మొదటి బకెట్ నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి, పైన పొట్టు తెట్టెలా తేలుతుంది. నీళ్లు మార్చి మరోసారి చేయండి. మెలితిప్పి పిండకుండా రెండుసార్లు విదిలించి, కుచ్చు కిందికి ఉండేలా నీడలో, గాలి ఆడేచోట ఒక రోజంతా వేలాడదీయండి. ఎండలో పెడితే త్వరగా ఆరుతుంది గానీ కొసలు పెళుసెక్కి విరుగుతాయి. పూర్తిగా ఆరాక ఇంకోసారి దువ్వి, తట్టండి. తడిగా ఉండగానే మూల పెట్టేస్తే పైన చెప్పిన బూజు మీరే తెచ్చుకున్నట్టు.

నీళ్లలో గుప్పెడు ఉప్పు వేయమని చెబుతారు. ఉప్పు గాలిలోని తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి కొసలు విరగడం కాస్త తగ్గుతుంది, అంతవరకు నిజమే. కానీ గుప్పెడు వేస్తే గ్రానైటు మీద తెల్లటి చారలు పడతాయి, తీగ తొందరగా తుప్పు పడుతుంది. బకెట్‌కు ఒక చెంచా చాలు, వేయకపోయినా నష్టం లేదు. కొబ్బరినూనె రాయమనే సలహా మాత్రం వినకండి. నూనె తగిలిన రెమ్మలకు దుమ్ము జిడ్డులా అంటుకుంటుంది, నున్నటి గ్రానైటు మీద కాలు జారే ప్రమాదం కూడా ఉంది, అదీ పెద్దావిడ తిరిగే ఇంట్లో.

ఇంత చేశాక మళ్లీ దుప్పటి మీద పదిసార్లు తట్టి చూడండి. చిటికెడు రాలితే చీపురు దారికి వచ్చినట్టే, వారం రోజుల్లో అదీ ఆగిపోతుంది. ఇంకా చెంచాడు రాలుతోందంటే కంకి బాగా ముదిరిన సరుకు అన్నమాట. దానితో ఇక నేల ఊడవకండి. కుచ్చుకు పాత నూలుగుడ్డ చుట్టి, మెడ దగ్గర తాడుతో కట్టి, గోడల మీది సాలెగూళ్లు దులపడానికి పెట్టుకోండి.

ఇక రెండో చీపురు. పిడి మీద చుట్టిన టేపు విప్పి, ప్లాస్టిక్ గొట్టాన్ని కత్తితో నిలువునా చీల్చి చూడండి. ఇలాంటి నాసిరకం వాటిలో సాధారణంగా కనిపించేది ఇది. గొట్టం అడుగున్నర ఉన్నా అందులోకి పుల్లలు వెళ్లేది మూడు నాలుగు అంగుళాలే. పైన అంతా ఖాళీ, లేదా బరువు కోసం తుక్కు పుల్లలు, కాగితాలు, గుడ్డపీలికలు కూరి ఉంటాయి. తీగ కట్టు ఉంటే ఒక్క వరస ఉంటుంది, చాలాసార్లు అదీ ఉండదు. పుల్లలను గొట్టంలో బిగించి దూర్చడమే వాళ్ల కట్టు. కొన్నప్పుడు బిగువుగానే ఉంటుంది. పుల్లల్లో మిగిలిన తడి ఇంట్లో నెమ్మదిగా ఆరుతుంది. ఒక్కో పుల్ల వెంట్రుకవాసి సన్నబడినా, అన్ని పుల్లలకూ కలిపి గొట్టంలో బిగువు వదిలేంత సందు ఏర్పడుతుంది. గొట్టం ప్లాస్టిక్, అది మాత్రం సన్నబడదు. ఊడ్చేటప్పుడు బలమంతా పడేది మెడ మీదే కాబట్టి ముందు పిడి తిరుగుతుంది, తర్వాత పుల్లలు జారతాయి. మంచి చీపురులో ముందు కట్టు, ఆపైన చేతికి నున్నగా ఉండటానికి గొట్టం. ఇక్కడ గొట్టమే కట్టు అయి కూర్చుంది.

తిరిగి కట్టడానికి కావలసినవి తక్కువే. హార్డ్‌వేర్ షాపులో 20 గేజి జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ) మూడు మీటర్లు తీసుకోండి. ఇంటి సెంట్రింగ్‌కు వాడే నల్ల తీగ తొందరగా తుప్పు పడుతుంది, అది వద్దు. తీగతో పని అలవాటు లేకపోతే 2 మిల్లీమీటర్ల నైలాన్ తాడు నాలుగు మీటర్లు. పురికొస కట్టకండి, తడికి సాగుతుంది. ఒక కటింగ్ ప్లయర్, పదునైన కత్తి, పాత సైకిల్ ట్యూబు ముక్క, బొటనవేలంత లావు, రెండు అడుగుల పొడవు ఉన్న తిన్నటి కర్ర. వెదురైనా సరే, విరిగిపోయిన మాపు కర్రయినా సరే. మీ పుల్లల కాడలు పొట్టిగా ఉంటాయి కాబట్టి ఈ నడిమి కర్ర లేకుండా పిడి నిలవదు.

కర్రకు అడుగు కొస నుంచి ఒక అంగుళం పైన ఒక గాడి, మూడు అంగుళాల పైన ఇంకో గాడి చుట్టూ కోయండి. లోతు రెండు మిల్లీమీటర్లు చాలు, తీగ బిగిసినప్పుడు పుల్లలు ఆ గాడిలోకి కూరుకుని కిందికి జారవు. పుల్లలను ఏరి, విరిగినవి, కుచ్చు లేనివి తీసేయండి. పొట్టి కంకులను కర్రను అంటిపెట్టి చుట్టూ ఒక వరస పేర్చి, వాటిని విడిగా రబ్బరు బ్యాండుతో పట్టించండి. పొడవైన, నిండు కంకులను వాటి మీద రెండు పక్కలకు ఎక్కువగా, ముందూ వెనకా తక్కువగా పేర్చండి. అప్పుడు చీపురు గుండ్రంగా కాకుండా విసనకర్రలా విచ్చుకుంటుంది, మూలలకు బాగా అందుతుంది. రెమ్మలు చీలడం మొదలయ్యే చోటు అన్ని కంకులకూ ఒకే వరసలో ఉండాలి. ఆ వరసకు అంగుళం పైన మొదటి కట్టు పడాలి, కర్ర మీది మొదటి గాడి అక్కడికే రావాలి.

కట్టు బిగువంతా మీ చేతి బలంతో రాదు, ఒంటి బరువుతో రావాలి. తీగ గానీ తాడు గానీ ఒక కొసను కిటికీ ఊచకు నడుమెత్తులో గట్టిగా కట్టండి. రెండో కొసను మెడ దగ్గర ఒక చుట్టు వేసి, చీపురును రెండు చేతులా పట్టుకుని, వెనక్కి వాలండి. అలా వాలిన బరువు సడలకుండా, చీపురును తిప్పుకుంటూ కిటికీ వైపు నడవండి. తాడు దానంతట అదే పుల్లల మీద చుట్టుకుంటుంది. ఒక చుట్టు పక్కనే ఇంకో చుట్టు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా ఏడు చుట్లు. తాడైతే చుట్టడానికి ముందే ఒక సన్నటి దారాన్ని మడిచి, ఉచ్చు భాగం ఒక పక్క, రెండు కొసలు ఇంకో పక్క వచ్చేలా పుల్లల మీద పెట్టి, దాని మీదుగా చుట్టండి. చివర మిగిలిన తాడు కొసను ఆ ఉచ్చులో దూర్చి దారాన్ని లాగితే కొస కట్టు కిందికి వెళ్లి బిగుసుకుంటుంది, ముడి అవసరం లేదు. తీగైతే రెండు కొసలు కలిపి ప్లయర్‌తో నాలుగైదు మెలికలు తిప్పి, ఇక బిగువు చాలనిపించగానే ఆపండి, ఇంకొక్క మెలిక అనుకుంటే తీగ పుటుక్కున తెగుతుంది. కొసను పుల్లల మధ్యకు వంచి నొక్కేయండి.

రెండో కట్టు రెండంగుళాల పైన, రెండో గాడి దగ్గర. కాడల పైకొసలు ముగిసే చోట మూడోది. మూడింటికీ పైన సైకిల్ ట్యూబు ముక్కను సాగదీసి తొడిగితే తీగ చేతికి గుచ్చుకోదు. ఇప్పుడు నాలుగు పక్కల నుంచి ఒక్కో పుల్లను రెండు వేళ్లతో పట్టి లాగి చూడండి. ఒక్కటి కదిలినా ఆ పక్క కర్రకు, పుల్లలకు మధ్య వెదురు చీల చెక్కి, సుత్తితో మెల్లగా దిగ్గొట్టండి. మూడు వారాల తర్వాత మళ్లీ ఒక్కసారి ఇలాగే చూసుకుని, వదులైన చోట చీల వేస్తే ఆ తర్వాత కదలదు. కుచ్చు కొసలను కత్తెరతో సమంగా కత్తిరించాలనిపిస్తుంది, చేయకండి. సన్నటి దుమ్మును పట్టేవి ఆ సన్న కొసలే, అవి పోతే మిగిలేది గీకే పుల్లలే.

కొనేటప్పుడు చూడాల్సినదాని గురించి ఒక్క మాటే చెప్పమంటే, కట్టు కంటికి కనిపించే చీపురే కొనండి. గొట్టం, రంగు టేపు, మూత ఉన్న చీపురులో గడ్డి ఎంత లోపలికి వెళ్లిందో, ఏ తీగ కట్టారో మీరు చూడలేరు. గొట్టమున్నదే కొనాల్సి వస్తే చేతిలోకి తీసుకుని మూడు పరీక్షలు పెట్టండి. కుచ్చును ఒక చేత్తో పట్టుకుని పిడిని మెలితిప్పండి, పిడి ఒక్కటే తిరిగితే వద్దు. గొట్టం అంచు కింద బొటనవేలితో నొక్కండి, వేలు లోపలికి దిగితే వద్దు. కుచ్చును నడిమికి పాయ తీసి లోపలికి చూడండి. బయట పొడవైన కంకులు అందంగా చుట్టి, లోపల రెమ్మలు లేని మోడు పుల్లలు కూరడం చాలా మామూలు. తూకం చూసి మురిసిపోకండి, ఆ బరువు గొట్టానిదీ తుక్కుదీ కావచ్చు. రంగు కూడా గమనించండి. కంకి కాస్త ఆకుపచ్చగానో ఎర్రటి ఛాయతోనో ఉండి, కొసను వంచితే విరగకుండా వెనక్కి లేస్తే సరైన వేళ కోసిన సరుకు. గడ్డిపోచలా పాలిపోయి, వంచగానే చిట్లితే ముదిరినది. చివరగా అరచేతి మీద మూడుసార్లు తట్టి చూడండి, దుకాణదారు ఏమనుకుంటాడో అని మొహమాట పడకండి.

మీది విజయనగరం కాబట్టి ఇంకో మంచి దారి ఉంది. జనవరి నుంచి మార్చి దాకా సీతంపేట వైపు సంతల్లో గిరిజనులు గొట్టాలు లేని కొండచీపుళ్లు కట్టలుగా తెచ్చి అమ్ముతారు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఉత్పత్తుల్లోనూ కొండచీపుళ్లు ఉన్నాయి. సీజనులో అలాంటి కట్ట తెచ్చుకుంటే కాడలు పొడవుగా ఉంటాయి, నడిమి కర్ర కూడా అక్కర్లేదు, పైన చెప్పిన మూడు కట్లు వేసుకుంటే సరి. పచ్చిదనం ఉన్న సరుకైతే కట్టేముందు కాడలను నీడలో వారం రోజులు ఆరనివ్వండి, లేకపోతే మీరు కట్టిన కట్టు కూడా వదులవుతుంది. మిగిలినవాటిని కాగితంలో చుట్టి అటక మీద పెడితే ఏడాదంతా పనికొస్తాయి. ఎలుకలు గూడు కట్టకుండా అప్పుడప్పుడు తీసి చూడండి.

ప్లాస్టిక్ చీపురు సంగతి. పొట్టు ఒక్కటే బాధ అయితే అది తీరుతుంది, కడుక్కోవచ్చు కూడా. కానీ అందులోనూ నాసిరకం ఉంది. పోచల కొసలు వెంట్రుకల్లా చీల్చి ఉన్నవే సన్నటి దుమ్మును పడతాయి, మొద్దు కొసలున్నవి గ్రానైటు మీద దుమ్మును అటూ ఇటూ జరపడం తప్ప ఎత్తవు. వాడగా వాడగా పోచలు ఒక పక్కకు వంగిపోతాయి. బాగా వేడిగా ఉన్న, అయితే మరగని నీళ్లలో పది నిమిషాలు ఉంచి, చేత్తో తిన్నగా దువ్వి, వేలాడదీస్తే కొంతవరకు సర్దుకుంటాయి. స్నానాల గదికి, తడి చోటుకు ప్లాస్టిక్ లేదా ఈనెల చీపురే వాడండి. కొండచీపురును తడి నేల మీద లాగడం దాని ఆయుష్షును సగం చేయడమే.

అయితే అత్తగారి దగ్గు విషయంలో చీపురు మార్చినంత మాత్రాన పని కాదు. గడ్డిదైనా ప్లాస్టిక్‌దైనా పొడి నేలను ఊడిస్తే ధూళి లేస్తుంది. ఆవిడ ఉండే గదులను రోజూ ఊడవడం మాని, తడిపి గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డ మాపుతో తుడవండి. బియ్యపు గింజలు, వెంట్రుకలు, కాగితం ముక్కలు లాంటి పెద్ద చెత్తకే చీపురు. ఊడ్చేటప్పుడు ఆవిడను ఇంకో గదిలో కూర్చోబెట్టి తలుపు వేయండి, కిటికీలు తెరవండి, ఫ్యాను ఆపేయండి. చీపురును నేలకు ఆనించి పొడవుగా, నిదానంగా లాగండి. ప్రతి విసురు చివరా చీపురును పైకి ఎగరేసే అలవాటు చాలామందికి ఉంటుంది, ధూళి లేచేది అక్కడే. ఊడ్చిన అరగంట తర్వాత తడిమాపు పెట్టి, ఆపైన ఆవిడను ఆ గదిలోకి రమ్మనండి. ఇన్ని చేసినా దగ్గు తగ్గకపోతే చీపురు మీద నెపం పెట్టి ఊరుకోకండి, ఆవిడ వాడుతున్న ఇన్‌హేలరు, మందులు సరిపోతున్నాయో లేదో డాక్టరుకు చూపించండి.

కట్టుకున్న చీపురును గోడ మూల నిలబెట్టకండి, తన బరువుకే కుచ్చు ఒక పక్కకు వంగి అక్కడే అరుగుతుంది. పిడి పైకొసకు ఒక చిల్లు పెట్టి, నైలాన్ తాడు ముక్క కట్టి, తలుపు వెనక మేకుకు తగిలించండి. కుచ్చు నేలకు బెత్తెడు పైన ఉండాలి. వారానికోసారి పట్టుకునే పక్క మార్చి, అరిగిన వైపును పైకి తిప్పి ఊడవండి.